సీడీ అరుగుతుందా? కంప్యూటర్‌లో వేస్తే డిస్కుకి అసలు ఏమవుతుంది

"ఒరేయ్, ఆ పెళ్లి సీడీ కంప్యూటర్‌లో పెట్టకు, అరిగిపోతుంది." మా ఇంట్లో ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. టీవీ కింద ఉన్న ప్లేయర్‌లో వేస్తే ఫర్వాలేదట, కంప్యూటర్‌లో వేస్తేనే గీతలు పడతాయట. అమ్మ నమ్మకం అది. బాబాయిది ఇంకో వాదన: "లోపల పడేది లైటే కదా వదినా, లైటు తగిలితే ఏదైనా అరుగుతుందా?" ఏళ్ల తరబడి ఇద్దరూ ఇదే వాదించుకుంటున్నారు. చూడబోతే ఇద్దరి మాటలోనూ తలా కాస్త నిజం ఉంది, ఎవరి మాట ఎంతవరకు నిజమో విడదీసి చూద్దామనే ఈ రాత.

ఈ గొడవ ఇప్పుడు మళ్లీ ఎందుకు లేచిందంటే, కొత్త ల్యాప్‌టాప్‌లలో డిస్క్ డ్రైవే రావడం లేదు. బీరువాలో ఉన్న పెళ్లి డీవీడీలు, ఎంపీ3 సీడీలు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోవాలంటే యూఎస్‌బీ డ్రైవ్ ఒకటి కొనాలి. ఖాళీ డిస్కులు తయారుచేసే వాళ్లూ తగ్గిపోతున్నారు. రైట్ చేసుకునే బ్లూ-రే డిస్కుల తయారీని సోనీ 2025 ఫిబ్రవరితో ఆపేసింది. మన దేశంలో సినిమా వీసీడీని 28 రూపాయలకే అమ్మి సంచలనం చేసిన మోసర్ బేర్ 2018లోనే లిక్విడేషన్‌కి, అంటే ఆస్తులమ్మి మూసేసే స్థితికి వెళ్లిపోయింది. ఉన్నదే పాడైతే ఎలా అన్న టెన్షన్ సహజమే మరి.

"అరగడం" అన్న భయం ఎక్కడి నుంచి వచ్చింది

చెప్పిందే చెప్పేవాణ్ని చూసి "అరిగిపోయిన రికార్డు" అంటాం కదా, మూలం అక్కడే ఉంది. గ్రామఫోన్ రికార్డులో సూది నిజంగానే గాడిలో దిగి, గాడి గోడల్ని రాసుకుంటూ పోతుంది. పాత గ్రామఫోన్లలో ఉక్కు సూదిని ఒక్కో వైపు పాడించాక మార్చేసేవాళ్లు, అంత రాపిడి. తర్వాత వచ్చిన క్యాసెట్‌లోనూ టేపు హెడ్‌కి రాసుకుంటూనే నడిచేది. దూదికి స్పిరిట్ అద్ది హెడ్ తుడిస్తే గోధుమరంగు పొడి అంటుకునేది గుర్తుందా, అది టేపు మీది పూత, అంటే పాట తాలూకు ముక్కే.

ఇలా రెండు తరాలు వింటున్న కొద్దీ అరిగిపోయే వస్తువులతో పెరిగాయి. 1982 అక్టోబరులో జపాన్‌లో మొదటి సీడీ ప్లేయర్ అమ్మకానికి వచ్చేనాటికి జనం బుర్రలో ఈ లెక్క స్థిరపడిపోయింది: తిరిగేది ఏదైనా అరుగుతుంది. కాబట్టి అమ్మ భయం అమాయకత్వం కాదు, అనుభవమే, కాకపోతే వేరే వస్తువు మీద వచ్చిన అనుభవం.

లేజర్ డిస్కుని తాకే తీరు

సీడీ అంటే 12 సెంటీమీటర్ల వెడల్పు, 1.2 మిల్లీమీటర్ల మందం ఉన్న పాలీకార్బనేట్ ప్లాస్టిక్ బిళ్ల. పాట మెరిసే వైపు లేదు, బొమ్మ ఉన్న వైపు ఉంది. ప్లాస్టిక్ పైభాగంలో కంటికి కనిపించని గుంటలు, వాటి మీద పల్చటి అల్యూమినియం పొర, ఆ పొర మీద వార్నిష్ లాంటి పూత, దాని మీద బొమ్మ. లేజర్ కింది నుంచి వచ్చి, ప్లాస్టిక్ గుండా పోయి, అల్యూమినియం మీద పడి తిరిగొస్తుంది. లెన్స్‌కీ డిస్కుకీ మధ్య ఒకటి రెండు మిల్లీమీటర్ల ఖాళీ ఉంటుంది. అంతా సవ్యంగా ఉంటే తాకడమన్నదే ఉండదు.

"మరి వెలుతురు వల్లే పాడవుతుందేమో" అనేవాళ్లూ ఉన్నారు. లెక్క కట్టి చూద్దాం. ఆడియో సీడీలో గుంటల వరుస లేజర్ ముందు నుంచి సెకనుకు సుమారు 1.3 మీటర్ల వేగంతో జారిపోతుంది. గుంటల దగ్గర లేజర్ చుక్క వెడల్పు 1.7 మైక్రాన్లు, మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. అంటే ఒక్కో చోట లేజర్ నిలిచేది సెకనులో పది లక్షల వంతు కంటే కొంచెం ఎక్కువ. ఒకే సీడీని వెయ్యిసార్లు విన్నా ఒక చోట పడిన మొత్తం వెలుతురు 1.3 మిల్లీసెకన్లు. పాజ్‌లో పెట్టి మర్చిపోయి పడుకున్నారనుకుందాం. డిస్కు ఆగదు, అదే చుట్టు మీద తిరుగుతూ ఉంటుంది, సెకనుకు ఎనిమిది చుట్లు వేసుకున్నా పది గంటల్లో ఒక చోట పడేది సెకనులో మూడో వంతు కంటే కాస్త ఎక్కువ. అదీ ఒక మిల్లీవాట్ కూడా లేని కాంతి. అది తగిలి అల్యూమినియానికి అయ్యేదేమీ లేదు. ఇంతవరకు బాబాయి గెలిచినట్టే.

కొన్ని గీతలకి పాట ఆగదు, కొన్నింటికి ఆగుతుంది, ఎందుకు

లేజర్ కింది ఉపరితలాన్ని దాటేటప్పుడు సన్నటి చుక్కగా ఉండదు, ముప్పాతిక మిల్లీమీటరు వెడల్పున పరుచుకుని ఉంటుంది, లోపల గుంటల దగ్గరికి వెళ్లాకే చుక్కగా మారుతుంది. కిటికీ దోమతెరకి కన్ను ఆనించి చూస్తే అవతలి చెట్టు కనిపిస్తుంది కానీ తెర కనిపించదు చూడండి, అదే సూత్రం. సన్న గీత, చిన్న దుమ్ము రేణువు లేజర్‌కి ఆనవు.

అది దాటి కూడా కొంత సమాచారం పోతే, సీడీలోనే తప్పులు దిద్దుకునే ఏర్పాటు ఉంది. పాటని ముక్కలు చేసి చుట్టూ చెదరగొట్టి, పోయిన ముక్కని మిగతావాటి నుంచి లెక్క కట్టి రాబడతారు. వరుస వెంబడి సుమారు 2.5 మిల్లీమీటర్లు చెడిపోయినా పాట పూర్తిగా తిరిగొస్తుంది. అంతకు మించితే ఆడియో ప్లేయర్ ఇటుపక్కా అటుపక్కా చూసి మధ్యలో ఉజ్జాయింపుగా నింపేస్తుంది, మన చెవికి తెలియదు.

కాబట్టి గీత ఎంత పొడవుందన్నది కాదు, ఎటు పోయిందన్నది ముఖ్యం. మధ్య నుంచి అంచుకి గీసినట్టు 0.1 మిల్లీమీటరు వెడల్పున ఒక గీత పడిందనుకోండి. చూడ్డానికి భయంకరంగా ఉంటుంది కానీ ఒక్కో చుట్టులో పోయేది 0.1 మిల్లీమీటరే, హాయిగా ఆడుతుంది. అదే గుండ్రంగా, వరుస వెంబడే 2 సెంటీమీటర్ల గీత పడితే, పరిమితికి ఎనిమిది రెట్లు! డిస్కుని మధ్య నుంచి బయటికి తుడవాలని, గుండ్రంగా తిప్పి తుడవద్దని చెప్పేది ఇందుకే. చొక్కా అంచుతో గుండ్రంగా రుద్దే అలవాటు మనందరికీ ఉంది, నాకూ ఉంది, డిస్కుల్ని చంపింది అసలు అదేనేమో.

కంప్యూటర్‌కీ ప్లేయర్‌కీ అసలు తేడా వేగం

ఇక్కడి నుంచి అమ్మ వైపు పాయింట్లు మొదలవుతాయి.

పాటల సీడీ ప్లేయర్‌లో నిమిషానికి 200 నుంచి 500 చుట్లు తిరుగుతుంది. కంప్యూటర్ డ్రైవ్ మీద "52ఎక్స్" (పాటల సీడీ చదివే వేగానికి గరిష్ఠంగా 52 రెట్లు) అని రాసి ఉంటే, పూర్తి వేగంలో అది 10,000 చుట్ల దాకా పోతుంది. డిస్కు చుట్టుకొలత 37.7 సెంటీమీటర్లు, అంటే అంచు నిమిషానికి 3.77 కిలోమీటర్లు, గంటకి 226 కిలోమీటర్లు పరుగెడుతున్నట్టు. మన వందే భారత్ కూడా 160 దాటదు. సీడీ పెట్టగానే సీపీయూ బాక్స్ లోంచి విమానం లేస్తున్నట్టు వచ్చే గుంయ్‌మనే శబ్దం అదే.

వేగం వల్ల డిస్కుని బయటికి లాగే బలం వేగం వర్గంతో పెరుగుతుంది. 500 చుట్ల నుంచి 10,000 అంటే 20 రెట్లు వేగం, 400 రెట్లు బలం. బాగున్న డిస్కుకి ఇదేం పెద్ద విషయం కాదు, తట్టుకునేలాగే చేస్తారు. మధ్య రంధ్రం దగ్గర వెంట్రుకంత చీలిక ఉన్న డిస్కు సంగతే వేరు. బిగుతుగా ఉన్న పెట్టె లోంచి అంచు పట్టుకుని వంచి లాగితే వచ్చే చీలిక అది. ప్లేయర్‌లో నెలల తరబడి ఆడిన ఆ డిస్కే, కంప్యూటర్‌లో పెట్టిన నిమిషానికి ఫట్‌మని పగిలి ముక్కలైపోవచ్చు. డిస్కుతో పాటు డ్రైవ్ కూడా పోతుంది. ఇది కట్టుకథ కాదు, వేగాలు పెంచుకుంటూ పోయిన రోజుల్లో డ్రైవ్ తయారీదారులు 52ఎక్స్ దగ్గర ఆగిపోవడానికి ఒక కారణం ఇదే.

అన్ని డ్రైవ్‌లూ ఇంత వేగంగా పోవనుకోండి. ల్యాప్‌టాప్‌లలో వచ్చే సన్న డ్రైవ్ సాధారణంగా 24ఎక్స్, 5,000 చుట్ల దగ్గరే ఉంటుంది. డీవీడీ సినిమా చూస్తున్నప్పుడు చాలా డ్రైవ్‌లు వాటంతట అవే వేగం తగ్గించుకుంటాయి. ఎంపీ3 సీడీ విషయంలో ఇంకో తమాషా ఉంది: 128 కేబీపీఎస్ (సెకనుకు 128 కిలోబిట్లు) నాణ్యతలో ఉన్న 5 నిమిషాల పాట 4.8 ఎంబీ, 24ఎక్స్ డ్రైవ్ సెకనుకు 3.6 ఎంబీ చదవగలదు, అంటే చదివే పని రెండు సెకన్లది కూడా కాదు. మిగతా సమయమంతా డ్రైవ్ ఊరికే తిరుగుతుంది, లేదా ఆగి మళ్లీ లేస్తుంది.

వేగం దగ్గరే పెళ్లి డీవీడీల మీద స్టిక్కర్ల సంగతి కూడా. వధూవరుల ఫొటో, కింద ముహూర్తం తేదీ, స్టూడియో ఫోన్ నంబరు, అందంగానే ఉంటుంది. ఆ కాగితం కాస్త పక్కకి అంటించినా డిస్కు బరువు ఒక వైపు మొగ్గుతుంది. నెమ్మదిగా తిరిగే ప్లేయర్ పట్టించుకోదు, వేగంగా తిరిగే డ్రైవ్ వణుకుతుంది, వణికితే లేజర్‌కి వరుస అందదు. డ్రైవ్ లోపలి వేడికి స్టిక్కర్ అంచు లేచి ఎక్కడైనా తట్టుకుంటే ఇక చెప్పక్కర్లేదు. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2003లో డిస్కుల జాగ్రత్త మీద వేసిన పుస్తకంలో కూడా అంటించే లేబుళ్లు వద్దనే ఉంది.

డ్రైవ్ తనంతట తాను గీతలు పెడుతుందా

మామూలుగా పెట్టదు. డిస్కుని తాకేది మధ్యలో రంధ్రం చుట్టూ ఉన్న బిగింపు ఒక్కటే, అక్కడ పాటా లేదు, సినిమా లేదు. కానీ మినహాయింపులు ఉన్నాయి. ట్రే లేకుండా సందులోకి నెట్టే డ్రైవ్‌లలో రబ్బరు రోలర్లు డిస్కుని లోపలికి లాక్కుంటాయి, వాటికి ఇసుక రేణువు అంటుకుని ఉంటే ప్రతిసారీ గీస్తుంది. ట్రే ఉన్న వాటిలో డిస్కు సరిగ్గా కూర్చోకుండానే మూసేస్తే అంచు రాసుకుంటుంది. ఇంకోటి, తిరుగుతున్నప్పుడు డ్రైవ్‌ని కదిలించడం. బొంగరం లాగే, తిరిగే డిస్కు తాను తిరుగుతున్న వాలుని తేలిగ్గా వదలదు. పెట్టెని వంచితే పెట్టె వంగుతుంది గానీ డిస్కు అంత తేలిగ్గా వంగదు, లోపలి భాగానికి తగిలి గుండ్రటి గీత, అంటే అన్నింటికంటే చెడ్డ రకం గీత పడుతుంది.

దీని మీద కోర్టు కేసే నడిచింది. ఎక్స్‌బాక్స్ 360 గేమ్ కన్సోల్ డిస్కుల మీద గుండ్రంగా గీతలు పెడుతోందని, డిజైన్‌లోనే లోపమని అమెరికాలో కొందరు మైక్రోసాఫ్ట్ మీద కేసు వేశారు. వాడేవాళ్లు సరిగ్గా వాడకపోవడం వల్లే గీతలని కంపెనీ వాదన, ఫిర్యాదు చేసినవాళ్లు 0.4 శాతమే అన్న అంకె కూడా కేసులో వచ్చింది. 2017 జూన్‌లో అది సుప్రీంకోర్టు దాకా వెళ్లి మైక్రోసాఫ్ట్‌కే అనుకూలంగా ముగిసింది, కాకపోతే తీర్పు అప్పీలు ఎప్పుడు వేసుకోవచ్చన్న విధానం మీద, గీతలు ఎవరి తప్పో కోర్టు తేల్చలేదు. ఇరుపక్షాలూ ఒప్పుకున్నట్టే అనిపించేది ఒకటుంది: తిరుగుతున్న డిస్కుని కదిలిస్తే గీత పడుతుంది. ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని మంచం మీద అటూ ఇటూ దొర్లుతూ సినిమా చూసినవాళ్లకి ఇది వర్తిస్తుంది.

"ప్లేయర్‌లో ఆడుతుంది, కంప్యూటర్‌లో స్ట్రక్ అవుతుంది"

కంప్యూటరే పాడుచేసిందన్న అనుమానం ఎక్కువగా ఇక్కడే పుడుతుంది. పాత వీసీడీ తెరిచి, ఎంపెగ్‌ఏవీ ఫోల్డర్‌లో ఉన్న డాట్ ఫైల్‌ని డెస్క్‌టాప్ మీదకి కాపీ పేస్ట్ కొడితే, ఎనభై శాతం దాకా పోయి "సైక్లిక్ రిడండెన్సీ చెక్" (చదివిన డేటా లెక్క సరిపోలేదని) ఎర్రర్ వచ్చి మొత్తం ఆగిపోయేది. అదే డిస్కు టీవీ ప్లేయర్‌లో రెండు మూడు చోట్ల గళ్లు గళ్లుగా వచ్చి ముందుకు పోయేది. దీంతో "నిన్నటిదాకా బాగుంది, కంప్యూటర్‌లో పెట్టాక పోయింది" అని తీర్పు.

జరిగింది వేరు. డేటా సీడీలో 2,352 బైట్ల ప్రతి ముక్కలో 2,048 మాత్రమే అసలు సరుకు, మిగతాదానిలో అదనపు దిద్దుబాటు సమాచారం కూడా ఉంటుంది. వీసీడీలో సినిమా పట్టించడం కోసం ఆ అదనపు రక్షణ తీసేసి 2,324 బైట్లు బొమ్మకే ఇచ్చారు. ఒకటి రెండు గళ్లు చెదిరినా చూసేవాడు సర్దుకుంటాడు కదా అని. ప్లేయర్ చెడిన ముక్కని వదిలేసి ముందుకు పోతుంది. కంప్యూటర్‌కి కాపీ చేయమని చెబితే అది గుమాస్తా లాంటిది, ఒక్క అంకె తేడా వచ్చినా సంతకం పెట్టదు. మళ్లీ మళ్లీ చదివి చూసి చేతులెత్తేస్తుంది. దెబ్బ ముందే ఉంది, కంప్యూటర్ దాన్ని బయటపెట్టింది.

ఒరిజినల్ డిస్కు వేరు, రైట్ చేసిన డిస్కు వేరు

నా మటుకు నాకు అసలు విషయం ఇదే. షాపులో కొన్న ఒరిజినల్ సీడీలో గుంటలు ఫ్యాక్టరీలో అచ్చు వేసినవి. స్టూడియో వాళ్లు ఇచ్చిన పెళ్లి డీవీడీలో గుంటలు లేవు, రంగు పొర ఉంది. రైటర్ డ్రైవ్ పదుల మిల్లీవాట్ల లేజర్‌తో ఆ రంగుని చుక్కలు చుక్కలుగా కాల్చి గుర్తులు పెడుతుంది. చదివేటప్పటి లేజర్ దాంతో పోలిస్తే చాలా బలహీనం, కాల్చే వేడి దానికి లేదు.

అయితే ఆ రంగు ఇంట్లో కర్టెన్ రంగు లాంటిదే. ఎండ తగిలితే వెలుస్తుంది, వేడికి, తేమకి మెల్లగా మారిపోతుంది. మీరు డిస్కు ఆడించినా ఆడించకపోయినా ఈ పని జరుగుతూనే ఉంటుంది. ఎన్నేళ్లు ఆగుతుందన్న దాని మీద మాత్రం ఏకాభిప్రాయం లేదు. పరీక్షలు చేసిన తయారీదారుల ప్రకారం రైట్ చేసిన సీడీలు, డీవీడీలు 100 నుంచి 200 ఏళ్లు ఉంటాయని ఆ నిస్ట్ పుస్తకమే రాసింది, తుడిచి మళ్లీ రాసుకునేవి 25 ఏళ్లట. కానీ అది సరైన చల్లదనం, సరైన తేమలో, మంచి సరుకు మీద లెక్క. పది రూపాయల డిస్కు మీద హడావిడిగా రైట్ చేసి, మే నెలలో 45 డిగ్రీల్లో రేకుల గదిలోని ఇనప బీరువాలో పెట్టిన దాని మీద కాదు. పదేళ్లకే పోయినవి చూశామని చెప్పేవాళ్లది అబద్ధమూ కాదు, నూరేళ్ల లెక్కా అబద్ధం కాదు, రెండూ వేర్వేరు డిస్కుల గురించి మాట్లాడుతున్నాయి.

అచ్చు వేసినవీ అమరం కాదు. ఇంగ్లండ్‌లో బ్లాక్‌బర్న్‌లోని ఒక ఫ్యాక్టరీలో 1988 నుంచి 1993 మధ్య చేసిన సీడీలు కొన్ని వార్నిష్ లోపం వల్ల అంచు నుంచి కంచు రంగులోకి తిరిగిపోయాయి. అవి అల్మరాలో ఉన్నా అంతే, ప్లేయర్‌లో ఉన్నా అంతే.

మరి అరిగేదేంటి అంటే, డ్రైవ్. మోటారు, లెన్స్ మీద పేరుకునే దుమ్ము, ఏళ్లు గడిచేకొద్దీ నీరసపడే లేజర్. డిస్కు చెడిపోయిందని పారేసిన వాటిలో కొన్ని నిజానికి ముసలి డ్రైవ్ చదవలేక వదిలేసినవే. ఒక డ్రైవ్ చదవలేనిది ఇంకో డ్రైవ్ చదవడం మామూలు విషయం.

మా ఇంటి మూడు డిస్కులు

మా అక్క పెళ్లి 2008లో. మూడు డీవీడీలు ఇచ్చారు. మొదటిది పెళ్లికూతుర్ని చేయడం, ఎదుర్కోలు. రెండోది ముహూర్తం, తలంబ్రాలు. మూడోది భోజనాలు, చివర్లో అప్పగింతలు. వచ్చిన ప్రతి చుట్టానికీ రెండోది వేసి చూపించేవాళ్లం, కంప్యూటర్‌లో కూడా, అమ్మ అరుస్తూనే ఉండేది. మూడోది మాత్రం ఒకటి రెండుసార్లకి మించి వేయలేదు, చూస్తే ఏడుపొస్తుందని అమ్మే దాచేసింది.

మొన్న ఒక యూఎస్‌బీ డ్రైవ్ తెచ్చి అన్నీ కాపీ చేశాను. గీతలతో నిండిపోయిన రెండోది చివరిదాకా వచ్చేసింది. అద్దంలా మెరుస్తున్న మూడోది ఎనభై ఐదు శాతం దగ్గర ఆగింది. కిటికీ దగ్గర వాల్చి చూస్తే బయటి అంచు వెంబడి చిటికెనవేలి గోరు వెడల్పున రంగు పాలిపోయి ఉంది. డీవీడీ రైట్ అయ్యేది లోపలి నుంచి బయటికి, కాబట్టి చివర్న తీసింది అంచుకి చేరుతుంది, చేతులు తగిలేదీ, డీవీడీలో అతికించి ఉండే రెండు ప్లాస్టిక్ పొరల అతుకు ముందు విడేదీ అంచు దగ్గరే. ఒక్క ఇంటి డిస్కులతో ఏదీ రుజువు కాదు, రెండోది వేరే కంపెనీ డిస్కు అయినా అయి ఉండొచ్చు.

స్నేహితుడి పాత డెస్క్‌టాప్ డ్రైవ్‌లో వేగం తగ్గించి రాత్రంతా వదిలేస్తే ఇంకో ఐదు శాతం వచ్చింది. ఇప్పుడు ఆగిన చోట కారు డోరు తెరిచి ఉంది, అక్క ఇంకా ఎక్కలేదు.